దాతను దర్శింపబోవుటకు ముందు

ఇచ్చుట గొప్పయని మన పెద్దలు వేయి విధముల చెప్పిరి. అడుగుట యెట్లో మాత్రము అంతగా చెప్పలేదు. చేయి చాచుట యనగానే మన మనస్సు ముడుచుకొనును. బలిచక్రవర్తి కడకు దానము కోరి పోయిన విష్ణుమూర్తియే మరుగుజ్జు రూపము దాల్చవలసి వచ్చెనని చెప్పి, అడిగినవాడు ఎంతవాడైనను చిన్నవాడగునని మనవారు తాత్పర్యము తీయుదురు. ఈ సంకోచము తనకొరకు అడుగువానికి భూషణమే. కాని పదిమంది కొరకు అడుగవలసి వచ్చినపుడు ఇదియే కీడు చేయును. సిగ్గుపడుచు బయలుదేరినవాడు సిద్ధపడి బయలుదేరడు. సిద్ధపడక పోయినవాడు తరచుగా వట్టిచేతులతో తిరిగివచ్చును. ఆ వట్టిచేతుల వలన నష్టపోవువారు అతడు కాదు. అతని రాకకై ఎదురుచూచుచున్న పిల్లలు, రోగులు, వృద్ధులు.

దుండిగల్ ప్రాంతమున ఈ విషయము నిత్యము కన్నులకు కట్టును. ఒకప్పుడిది హైదరాబాదునకు ఉత్తరముగా, నగరపు సందడికి దూరముగా నున్న పల్లెల సముదాయము. 1967 అక్టోబరు 11వ తేదీన నాటి రాష్ట్రపతి డాక్టరు జాకీర్ హుసేన్ గారు ఇచట వాయుసేన అకాడమీకి శంకుస్థాపన చేసిరి. 1971లో అందు శిక్షణ ప్రారంభమైనది. పిమ్మట ఇంజనీరింగు కళాశాలలు వచ్చినవి. జీడిమెట్ల, బాచుపల్లి, మేడ్చల్ వైపుల కర్మాగారములును, శామీర్‌పేట వైపున జీనోమ్ వ్యాలీలోని ప్రయోగశాలలును వెలసినవి. 2018లో దుండిగల్ పురపాలక సంఘముగా రూపొందినది. నేడు ఒకే బాటకు ఒక ప్రక్క ఎత్తైన ప్రహరీల వెనుక కొత్త గృహములున్నవి; మరియొక ప్రక్క పలకల సంచులతో నడచిపోవు కూలీల పిల్లలున్నారు. ఇవ్వగలవారును, అవసరమున్నవారును బాటకు ఇరువైపుల నున్నారు. నడుమ బాట దాటించు మనుష్యులే కావలెను.

ఎన్ని గంటలు ఎగిరిన అనుభవమున్నను, పైలటు విమానమెక్కుటకు ముందు దాని చుట్టును ఒకమారు తిరిగి, చక్రములను, రెక్కలను కన్నులార చూచుకొనును. దుండిగల్ ఆకాశమున శిక్షణ విమానముల ధ్వని వినుచు పెరిగినవారికి ఇది తెలియని సంగతి కాదు. దాత కడకు పోవువారికిని అట్టి ప్రదక్షిణమొకటి అవసరము. దానిని గూర్చియే ఈ ప్రసంగము.

మొదట మా అనుభవమొకటి మనవి చేసికొందుము. కొన్ని యేండ్ల క్రిందట మేము నలుగురము ఒక ప్రభుత్వోన్నత పాఠశాలలో పిల్లలకొక పఠనమందిరము ఏర్పాటు చేయవలెనని సంకల్పించి, ఒక పారిశ్రామికుని చూడబోయితిమి. శాలువ కొంటిమి, పూలదండ కొంటిమి, పండ్లు కొంటిమి. ఏమి అడుగవలెనో మాత్రము నిర్ణయించుకొనలేదు. ఆయన మర్యాదగా కూర్చుండబెట్టి టీ తెప్పించిరి. మేము విద్య యొక్క మహిమను గూర్చి అరగంట ప్రసంగించితిమి. ఆయన ఓపికగా విని, “ఎంతమంది పిల్లలండీ?” అని అడిగిరి. “చాలామంది ఉన్నారండీ” అంటిమి. “ఎంత కావాలి?” అనిరి. మేము ఒకరి ముఖమొకరము చూచుకొని, “తమకు తోచినంత” అంటిమి. “ఈ ఏడు నేనిస్తాను, వచ్చే ఏడు ఎవరిస్తారు?” అనిరి. దానికి మా కడ సమాధానమే లేదు. ఆయన లోపలికి పోయి అయిదువేల రూపాయలు తెచ్చి చేతిలో పెట్టి, నమస్కరించి పంపివేసిరి. శాలువకును, దండకును, ఆటోకును పోగా మిగిలినది స్వల్పము. ఆయన పిసినారి యని దారి పొడవునను అనుకొంటిమి. ఇంటికి చేరిన కొన్నాళ్ళకు గాని తప్పు మాదని తోచలేదు.

“తమకు తోచినంత” అను మాట వినుటకు వినయముగా నుండును. విచారించి చూచినచో అది వినయము కాదు, మన బద్ధకము. ఎంత అవసరమో లెక్కకట్టవలసిన శ్రమ మనది. ఆ శ్రమను మనము మానుకొని, ఆ భారమును దాత తలపై పెట్టుచున్నాము. ఆయనకేమి తోచును? మన పాఠశాలను ఆయన చూడలేదు, పిల్లలను ఎరుగరు. కనుక మర్యాద చెడకుండ మమ్ము సాగనంపుటకు ఎంత చాలునో అంతయే ఆయనకు తోచినది.

నిర్దిష్టముగా అడుగుటవలన ఏమి జరుగునో తెలిసికొనుటకు మన తెలంగాణములోనే ఒక గొప్ప నిదర్శనమున్నది. దుండిగల్ ప్రక్కన నున్న డి. పోచంపల్లి గాదు, నాటి నల్లగొండ జిల్లాలోని పోచంపల్లి, నేడు భూదాన్ పోచంపల్లి యని పిలువబడు గ్రామము. 1951 ఏప్రిల్ 18వ తేదీన వినోబా భావే అచటికి పాదయాత్రగా వచ్చిరి. హరిజనవాడలోని నలుబది కుటుంబములవారు తమకు భూమి లేదని ఆయనతో మొరపెట్టుకొనిరి. ఎంత కావలెనని వినోబా అడిగిరి. వారు “తోచినంత” అనలేదు. నలుబది కుటుంబములకు ఎనుబది ఎకరములు చాలుననిరి. అందు సగము తరి, సగము మెట్ట. ఆ లెక్కను సభ యెదుట వినోబా ఉంచగా, వెదిరె రామచంద్రారెడ్డి గారు లేచి నూరు ఎకరములిత్తుననిరి. ఎనుబది అడిగినచోట నూరు లభించెను. భూదానోద్యమము ఆ దినముననే పుట్టినది.

దాతృత్వము రామచంద్రారెడ్డి గారి హృదయములో నుండినది. దానికి ఎవ్వరును కారణము కారు. కాని ఆ హృదయమునకు ఒక ద్వారము కావలెను గదా. కుటుంబములెన్ని, ఎకరములెన్ని, ఎట్టి భూమి యను మూడు మాటలే ఆ ద్వారము. అయితే ఆ ఉద్యమ చరిత్రలో రెండవ పాఠము కూడ నున్నది. పిమ్మట దేశమంతట వాగ్దానము చేయబడిన భూములలో గణనీయమైన భాగము పంపిణీ కాకయే నిలిచిపోయినది. కొంత సాగునకు పనికిరానిదిగా తేలినది. పుచ్చుకొనుటకు ముందే పుచ్చుకొన్న పిమ్మటి పనిని గూర్చి ఆలోచింపవలెనని ఇది మనకు నేర్పుచున్నది.

కావున సిద్ధపడుటలో మొదటి మెట్టు దాతను గూర్చి ఆలోచించుట కాదు, మన అవసరమును కొలుచుకొనుట. ఊహగా ఒక లెక్క వేసి చూతము. రెండు వందలమంది పిల్లలున్న పాఠశాలలో పఠనమందిరము పెట్టదలచితిమనుకొందము. సగటున నూట యిరువది రూపాయల చొప్పున 600 పుస్తకములకు రూ. 72,000. నాలుగు బీరువాలకు రూ. 36,000. బల్లలకు, చాపలకు, దీపములకు రూ. 42,000. మొత్తము రూ. 1,50,000. సామాన్యముగా మన లెక్క ఇక్కడనే ఆగిపోవును. కాని ఆ గది తలుపు ప్రతిదినము తీయువారెవరు? సాయంకాలము రెండు గంటలు కూర్చుండు ఒక యువతికి నెలకు మూడు వేల చొప్పున పది నెలలకు రూ. 30,000. పత్రికలకు, పుస్తకముల మరమ్మతుకు రూ. 12,000. సంవత్సరమునకు రూ. 42,000, మూడేండ్లకు రూ. 1,26,000. వెరసి మూడేండ్లకు కావలసినది రూ. 2,76,000. అనగా ఒక్కొక్క బాలునికి ఏటికి రూ. 460.

ఈ చివరి అంకెయే దాత మనస్సులో నిలుచును. లక్షలలో చెప్పినపుడు భారముగా వినబడినది, ఒక బాలునికి ఒక సంవత్సరమని చెప్పినపుడు చేతికి అందునట్లుండును. అయితే చిన్న అంకె చెప్పి పెద్ద అంకెను దాచరాదు. వామనుడు మూడడుగులే అడిగెను. పిమ్మట ఆ అడుగులు లోకములను కొలిచినవి. దేవుడు చేసినది లీల యగును. సంఘములు చేసినచో అది మోసమగును. గదికి డబ్బు పుచ్చుకొని, మరునాడు కప్పునకు, మూడవనాడు ప్రహరీకి అడుగబోవు సంఘమును ఏ దాతయు రెండవమారు గుమ్మమెక్కనీయడు.

ఇక రెండవ మెట్టు. మనము చూడబోవువారెవరు? దాతలందరిని ఒకే గాటను కట్టరాదు.

మొదటివారు గృహస్థులు. పింఛను పుచ్చుకొను ఉపాధ్యాయులు, చిన్న దుకాణదారులు, భూమి ధర పెరిగి కలిగినవారైన రైతులు. వీరిని చూడబోవునపుడు వారి బంధువును గాని, బాల్యమిత్రుని గాని వెంట తీసికొనిపోవుట మంచిది. వారు ఏ బడిలో చదివిరి, తల్లిదండ్రుల పేర ఏదైన చేయవలెనను కోరిక వారికున్నదా యని ముందుగా తెలిసికొనవలెను. ఇది గూఢచర్యము కాదు. ఇరుగుపొరుగున మర్యాదగా విచారించి తెలిసికొనదగిన సంగతియే. ఇంటి ఇల్లాలు లేనపుడు మాట ముగింపకుండుట మేలు. అనేక గృహములలో దానమును నిర్ణయించునది ఆమెయే. ఆమెకు తెలియకుండ ఇచ్చిన వాగ్దానము తరచుగా నిలువదు.

ఈ తరగతి దాతలు పన్ను రాయితీని గూర్చి అడుగుదురు. చిరకాలముగా 80జి అని వాడుకలో నున్న ఈ రాయితీ, ఆదాయపు పన్నుశాఖ ఆమోదము పొందిన సంస్థల కిచ్చు విరాళములకే వర్తించును. సామాన్యముగా విరాళములో సగము మొత్తమును పన్ను విధింపదగిన ఆదాయమునుండి మినహాయింతురు. దానికిని కొన్ని పరిమితులున్నవి. రెండువేల రూపాయలకు మించిన నగదునకు రాయితీ లేదు. వస్తురూపమున ఇచ్చినదానికిని లేదు. క్రొత్త పన్ను విధానమును ఎంచుకొన్నవారికి ఇది వర్తింపదు. ఈ సంగతులు తెలియక “అంతయు మినహాయింపే” యని చెప్పి వచ్చిన సంఘము, మార్చి నెల గడచిన పిమ్మట దాత ముఖము చూడలేకపోవును.

రెండవవారు కంపెనీలవారు. 2013 నాటి కంపెనీల చట్టములోని 135వ విభాగము ప్రకారము, నికర విలువ 500 కోట్లు గాని, వ్యాపారము 1,000 కోట్లు గాని, నికర లాభము 5 కోట్లు గాని ఉన్న కంపెనీలు, గడచిన మూడు సంవత్సరముల సగటు లాభములో నూటికి రెండు వంతులు సామాజిక కార్యములకు వినియోగింపవలెను. 2014 ఏప్రిల్ నుండి ఇది అమలులో నున్నది. విద్య, వైద్యము, త్రాగునీరు, పారిశుద్ధ్యము మున్నగునవి ఇందు చేరును. దుండిగల్, మేడ్చల్ ప్రాంతీయులకు ముఖ్యమైన మాట యొకటి ఆ విభాగములోనే యున్నది. కంపెనీలు తాము పనిచేయు స్థలమునకును, దాని పరిసరములకును ప్రాధాన్యమీయవలెనని చట్టము చెప్పుచున్నది. కావున కర్మాగారపు గోడ ప్రక్కనున్న పాఠశాల ఆ ద్వారమున నిలిచినపుడు దయను కోరుటలేదు. చట్టము ఆలోచించిన సంగతినే గుర్తుచేయుచున్నది.

అయితే కంపెనీ ధనమును పుచ్చుకొను సంస్థకును నియమములున్నవి. అది చట్టప్రకారము నమోదైన సంఘమో, ట్రస్టో కావలెను. 2021 ఏప్రిల్ నుండి కేంద్ర ప్రభుత్వ కంపెనీ వ్యవహారముల శాఖ కడ ప్రత్యేకముగా నమోదు చేసికొనవలెను. బయటి సంస్థయైనచో అట్టి పనిలో మూడు సంవత్సరముల అనుభవము చూపవలెను. నిన్న పుట్టిన కాలనీ సంఘమునకు ఈ అర్హత ఉండదు. అంతమాత్రమున నిరాశ వలదు. కంపెనీయే స్వయముగా పని చేయింపవచ్చును. లేదా అర్హతగల పెద్దసంస్థ ద్వారా చేయింపవచ్చును. ఈ రెండు మార్గములు తెలిసి పోయినవాడు “మాకు డబ్బిండు” అని అడుగడు. “మా బడికి ఈ పని చేయించుడు” అని అడుగును. సంవత్సరపు ప్రణాళిక ముందుగా నిర్ణయమగును గనుక ఫిబ్రవరి, మార్చి నెలలలో పరుగెత్తుటకంటె, ఆ ప్రణాళిక తయారగుటకు ముందే పోవుట వివేకము.

మూడవవారు విదేశములలోని మనవారు. మన ప్రాంతమున అమెరికాలో ఒక కొడుకో, ఆస్ట్రేలియాలో ఒక మేనల్లుడో లేని యిల్లు తక్కువగుచున్నది. వారు వేసవికి గాని, పెండ్లికి గాని వచ్చినపుడు అడుగుట మనకు అలవాటు. ఇచట ఒక సూక్ష్మమున్నది. విదేశములో నున్నను భారత పౌరసత్వము నిలుపుకొన్నవారు తమ సొంత సంపాదననుండి బ్యాంకు ద్వారా పంపు ధనము విదేశీ విరాళము కాదు. కాని అన్యదేశ పౌరసత్వము స్వీకరించినవారు మన రక్తబంధువులైనను, వారి కడ ప్రవాస భారత పౌరుల కార్డు ఉన్నను, సంఘమునకు వారిచ్చునది చట్టదృష్టిలో విదేశీ విరాళమే. 2010 నాటి విదేశీ విరాళముల నియంత్రణ చట్టము క్రింద నమోదైన సంస్థయో, ముందుగా అనుమతి పొందిన సంస్థయో తప్ప దానిని పుచ్చుకొనరాదు. 2020 సవరణ తరువాత అట్టి ధనము మొదట ఢిల్లీలోని భారతీయ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతాకే రావలెను. కనుక “బాబూ, నీ పాస్‌పోర్టు ఏ దేశానిది?” అని ముందుగా అడుగుట అమర్యాద కాదు; మన సంఘమును, ఆ అబ్బాయి మంచి మనస్సును చిక్కులనుండి కాపాడుట.

ఈ మూడు తరగతులును చెప్పిన పిమ్మట, తరగతికి అందని దాతలను మరువరాదు. 1921లో మహాత్మాగాంధీ కాకినాడకు వచ్చినపుడు, పండ్రెండేండ్లైనను నిండని దుర్గాబాయి ఆయనను దేవదాసీలును, ముస్లిం స్త్రీలును కలిసికొనవలెనని పట్టుపట్టినది. అందుకు అయిదువేల రూపాయల నిధి సమర్పింపవలెనని కార్యకర్తలు ఆమెకు చెప్పిరి. సమాజము చిన్నచూపు చూచిన ఆ స్త్రీలే ఆ ధనమును సమకూర్చిరి. గాంధీజీ మాటలు విని చేతి గాజులు, మెడలోని గొలుసులు తీసియిచ్చిరి. ఆ బాలికయే పిమ్మట 1937లో మదరాసులో ఆంధ్ర మహిళాసభను స్థాపించి, జీవితమంతయు పెద్ద పెద్ద కార్యములకు ధనము సేకరించినది. ఇచ్చువారు మేడలలోనే యుందురని తలచువానికి ఈ ఉదంతము చాలును. మరియొక సంగతి. సంఘసభ్యులు తమ శక్తికొలది ముందుగా తామిచ్చి పోవలెను. “మీలో ఎవరెంత ఇచ్చారండీ?” అని దాత అడుగక మానడు.

మూడవ మెట్టు కాగితములు. ఎక్కువ వలదు. ఒక్క పుటలో నాలుగు సంగతులుండిన చాలును. ఎవరికొరకు, ఎంత, ఎన్నాళ్ళకు, లెక్క ఎవరు చూపుదురు. దానితోపాటు సంఘపు నమోదు పత్రము, పాన్ కార్డు నకలు, గడచిన సంవత్సరపు ఆడిటు లెక్క, బ్యాంకు ఖాతా వివరములు ఒక సంచిలో నుండవలెను, అడిగినపుడే తీయవలెను. ప్రభుత్వ పాఠశాల విషయమైనచో ప్రధానోపాధ్యాయుని అంగీకారమును, విద్యాశాఖవారి అనుమతిని ముందుగా పొందవలెను. బడివారికి తెలియకుండ బడికొరకు విరాళము పుచ్చుకొనుట ఎంత మంచి ఉద్దేశముతో చేసినను తప్పే.

ఛాయాచిత్రములను గూర్చి ఒక మాట. చిరిగిన చొక్కాతో, కన్నీటితో నున్న పిల్లవాని బొమ్మ చూపినచో దాత మనస్సు కరుగునని కొందరి నమ్మకము. కరుగవచ్చును. కాని ఆ పిల్లవాడు పెద్దవాడై ఒకనాడు ఆ బొమ్మ చూచును. తన పేదరికమును ఊరూర త్రిప్పిరని అతనికి తెలియును. అతని కడుపు నింపుటకై అతని పరువు అమ్మరాదు. గది బొమ్మ చూపుడు, పగిలిన కుళాయి బొమ్మ చూపుడు. పిల్లల ముఖములు చూపుట తప్పనిసరియైనచో తల్లిదండ్రుల అంగీకారముతో, వారు చదువుచున్నట్లో, ఆడుకొనుచున్నట్లో చూపుడు.

ఇక సమావేశము. ఇద్దరు పోవుట మేలు, ముగ్గురు చాలును, పదిమంది పోయినచో అది ఊరేగింపు. ఎవరు మాట్లాడవలెను, ఎవరు వ్రాసికొనవలెను అనునది ముందుగా నిశ్చయించుకొనవలెను. ముందునాడు ఇంటిలో ఒకరిని దాతగా కూర్చుండబెట్టి ఒకమారు మాట్లాడి చూచుట సిగ్గుపడవలసిన పని కాదు. నాటకములాడువారు, రేడియోలో మాట్లాడువారు కూడ అట్లే చేయుదురు. అడుగబడగల కఠినమైన ప్రశ్నలను మనమే వ్రాసికొనవలెను. ప్రభుత్వము ఏమి చేయుచున్నది? మీ జీతములెంత? నేనిచ్చినది మీరు తినివేయరని నమ్మకమేమి? ఈ ప్రశ్నలకు కోపము వచ్చువాడు ఇంకను సిద్ధపడలేదని అర్థము. మొదటి పది నిమిషములలో మనమెంత మాట్లాడితిమో, అంతకంటె ఎక్కువగా దాతను మాట్లాడనీయవలెను. ఆయనకు పుస్తకములకంటె వైద్యముపై మక్కువ యున్నదని తేలవచ్చును. అప్పుడు పఠనమందిరమును ఆసుపత్రిగా మార్చి చెప్పరాదు. “ఆ పని చేయు సంస్థ ఫలానా యున్నది, చూచెదరా?” అని చెప్పగలవానిపై కలుగు విశ్వాసము ఎన్నటికిని పోదు.

అడుగవలసినది అడిగిన పిదప మౌనము వహింపవలెను. ఇదియే అన్నిటికంటె కష్టము. “రెండు లక్షల డెబ్బదియారు వేలు కావలెనండీ” అని చెప్పి, ఆ నిశ్శబ్దమునకు ఓర్వలేక, “అంత కాకున్నను పరవాలేదు, సగమైనను, పావైనను” అని మనమే తగ్గించుకొనుచు పోదుము. దాత లోలోపల లెక్క వేసికొనుచున్నారు. ఆయనకు ఆ సమయమీయవలెను.

ఏ దాననైనను పుచ్చుకొనవచ్చునా? దీనికి సమాధానము చెప్పుటకు మన ప్రాంతపు చరిత్రయే చాలును. బహదూర్‌పల్లిలో నేడు మహీంద్రా విశ్వవిద్యాలయమున్న ప్రాంగణము ఒకప్పుడు సత్యం కంప్యూటర్స్ వారిది. ఆ సంస్థ అధిపతి రామలింగరాజు గారి చొరవతోనే 2005 ఆగస్టు 15వ తేదీన హైదరాబాదులో 108 అత్యవసర వాహన సేవ ప్రారంభమైనది. దాని కేంద్రము మేడ్చల్ మార్గమున దేవరయాంజాల్ కడ నెలకొనినది. 2009 జనవరి 7వ తేదీన కంపెనీ లెక్కలు తారుమారు చేయబడినవని ఆయనయే అంగీకరించినపుడు, ప్రాణములు కాపాడు ఆ సేవ గతి యేమగునో యని అందరును కలవరపడిరి. నడుపుట కగు వ్యయములో అధికభాగమును అప్పటికే ప్రభుత్వము భరించుచుండుటచేతను, అదే సంవత్సరమున జి.వి.కె. సంస్థ ముందుకు వచ్చుటచేతను సేవ నిలిచినది. ఫోను చేసిన గర్భిణికి వాహనము వచ్చుట ఆగలేదు. దాత ఎంత గొప్పవాడైనను మన పని ఆయన ఒక్కని శ్వాసపై ఆధారపడి యుండరాదని దీని సారము. పెద్ద విరాళము పుచ్చుకొనుటకు ముందే, అది లేనినాడు ఎట్లు నడుపుదుమో వ్రాసియుంచుకొనవలెను. దాత ఎదుట ఆ కాగితము పెట్టుటకు సందేహింపవలదు. బుద్ధిమంతుడగు దాత దానిని చూచి సంతోషించును.

షరతులను గూర్చియు ముందే మాట్లాడుకొనవలెను. పేరు చెక్కింపుమనుట న్యాయమైన కోరిక. ఫలానా కులపు పిల్లలనే లోనికి రానీయుడనుట, ఎన్నికల సభలో తన పేరు పొగడుమనుట న్యాయము కాదు. దేనికి అంగీకరింతుము, దేనికి అంగీకరింపము అనునది ఇంటిలో నిశ్చయించుకొని పోయినవాడు, ఎదుట మొగమాటపడడు.

కాదన్న దాతకు కూడ వారము లోపల కృతజ్ఞతతో ఒక ఉత్తరము వ్రాయవలెను. ఔనన్నవారికి రసీదు మరునాడే పంపవలెను. ఆరు మాసములకు ఒకమారు లెక్కయు, ఏమి జరిగెనో నాలుగు పంక్తులును పంపవలెను. పని చెడినచో అదియు వ్రాయవలెను. ధనము పుచ్చుకొని మౌనముగా నుండుట, పుచ్చుకొనకుండుటకంటె చెడ్డది. దాని ఫలమును మన తరువాత పోవు సంఘము అనుభవించును. “ఇదివరకు ఒకరికిచ్చి చూచినాము లెండి” అను మాట వినబడునది వారికే.

మా పారిశ్రామికుని కథ ముగింపవలసియున్నది. మరుసటి యేడు మేము ఇద్దరమే పోయితిమి. శాలువ లేదు, దండ లేదు. ఒక కాగితము మాత్రమున్నది. ఆయన కన్నద్దములు సవరించుకొని దానిని రెండుమార్లు చదివిరి. ఆ మునుపటి ప్రశ్నలనే అడిగిరి. ఈమారు సమాధానములు మా కడ నున్నవి. పుస్తకములకును, బీరువాలకును తామిత్తుమనిరి. బల్లల కగు వ్యయము ఊరివారు పెట్టుకొనవలెననిరి. సంవత్సరాంతమున పిల్లలు పుస్తకములు తీసికొనిపోయిన రిజిస్టరు చూపిన పిమ్మటనే గదిని చూచుకొను యువతి జీతము సంగతి మాట్లాడుదమనిరి. లేచి వచ్చునపుడు మాలో నొకరు ఉండబట్టలేక, “పోయిన ఏడు కూడా మేమే వచ్చామండీ” అనిరి. ఆయన నవ్వి, “గుర్తుంది. అప్పుడూ ఇచ్చేవాణ్ణే. దేనికివ్వాలో మీరు చెప్పలేదు” అనిరి.

ఆ గదిలో నేడు సాయంకాలము నాలుగు గంటలకు దీపము వెలుగుచున్నది. ఒక సంవత్సరము ఆలస్యముగా వెలిగినది. ఆ సంవత్సరమున బడి విడిచిపోయిన పదవ తరగతి పిల్లలకు ఆ పుస్తకములు అందలేదు. ఆ లోటు దాతది కాదు, సిద్ధపడక పోయిన మాది.